డాక్టర్ సలహా: ఎప్పుడూ నీరసం, అంచున షుగర్.. ముందు రాత్రి భోజనం వేళ మార్చండి

ప్రశ్న: నా వయసు 46. ఖమ్మంలో ఓ ప్రైవేట్ స్కూల్లో టీచర్‌ని. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 67 కిలోలు, నడుము చుట్టుకొలత 36 అంగుళాలు. ఈమధ్య పరీక్షలు చేయిస్తే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.0, బీపీ 134/86, హిమోగ్లోబిన్ 10.4 వచ్చాయి. థైరాయిడ్ నార్మల్. ఎప్పుడూ నీరసంగా ఉంటుంది. మెట్లెక్కితే ఆయాసం, మోకాళ్ల నొప్పి. ఛాతీలో మంటకు ఏడాదిగా రోజూ పరగడుపున గ్యాస్ టాబ్లెట్ వేసుకుంటున్నాను. పొద్దున 4.45కే లేస్తాను. మావారు షాపు కట్టేసి వచ్చేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. ఆయనతో కలిసి పదింటికి తింటాను. పడుకునేసరికి పదకొండున్నర. రోజుకు నాలుగు టీలు తాగుతాను. వీడియోలు చూసి పొద్దున్నే తేనె నిమ్మరసం, బెల్లం వేసిన రాగి జావ మొదలుపెట్టాను. పది వేల అడుగులు నడవాలని వారం రోజులు నడిచి, మోకాళ్ల నొప్పితో మానేశాను. అన్నం పూర్తిగా మానేయాలా? షుగర్ మందు వాడాలా? ఎక్కడ మొదలుపెట్టాలి?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

సలహా: అమ్మా, మీరు అన్నం గురించి, షుగర్ మందు గురించి అడిగారు. హిమోగ్లోబిన్ గురించి మాత్రం అడగలేదు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. మహిళలకు కనీసం 12 ఉండాల్సింది మీకు 10.4 ఉంది. నీరసం, మెట్ల మీద ఆయాసం చాలావరకు దీనివల్లే కావచ్చు. ఒంట్లో రక్తం తక్కువగా ఉన్న మనిషిని రోజూ పది వేల అడుగులు నడవమంటే వారం దాటి నడవలేకపోవడంలో వింతేముంది? మన దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. తెలంగాణలోనూ దాదాపు అంతే. ఇంత మందికి ఉండటంతో ‘ఆడవాళ్లకు మామూలే’ అని ఇంట్లోవాళ్లు తీసిపారేస్తారు. అలా వదిలేయకండి.

ఇంకో మెలిక కూడా ఉంది. ఐరన్ లోపంతో రక్తహీనత వచ్చినవాళ్లలో హెచ్‌బీఏ1సీ అసలు ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించవచ్చు. 5.7 నుంచి 6.4 వరకు ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకు ముందు దశ అంటాం కాబట్టి మీ 6.0 ఆ పరిధిలోకే వస్తుంది. అయినా ఆ ఒక్క అంకెను పట్టుకుని మందు మొదలుపెట్టలేం. పరగడుపున షుగర్, గ్లూకోజ్ తాగిన రెండు గంటల తర్వాత షుగర్ చూపించుకోండి. వాటితోపాటే ఒంట్లో ఐరన్ నిల్వ తెలిపే ఫెరిటిన్, బీ12, ఒక ఈసీజీ. మీ వయసులో నెలసరి రక్తస్రావం ఎక్కువయ్యే అవకాశం ఉంది. ఎక్కువ రోజులు అవుతున్నా, గడ్డలు పడుతున్నా గైనకాలజిస్ట్‌ను కలవండి. రక్తం ఎటు పోతోందో కనిపెట్టకుండా ఐరన్ మాత్రలు మాత్రమే మింగితే చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే.

ఇక మీ దినచర్య. మీరు రాసినదాంట్లో అన్ని ఇబ్బందులూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. పదింటికి కడుపునిండా తింటారు, గంటన్నరకే నడుం వాలుస్తారు. కడుపు ఖాళీ కాకముందే పడుకుంటే యాసిడ్ పైకి తన్నుతుంది, ఛాతీ మండుతుంది. దానికోసం రోజూ గ్యాస్ టాబ్లెట్. అది కడుపులో యాసిడ్‌ను తగ్గిస్తుంది. కానీ పప్పులో, ఆకుకూరలో ఉండే ఐరన్ ఒంటికి పట్టాలంటే ఆ యాసిడ్ అవసరం, తిండిలోని బీ12కీ అంతే. వీటికి తోడు టిఫిన్ తిన్న వెంటనే టీ తాగే అలవాటుంటే, టీలోని టానిన్లు మిగిలిన కాస్త ఐరన్‌నూ అడ్డుకుంటాయి. పొద్దుపోయి తినడంతో నిద్ర ఐదు గంటలకు దిగింది. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటలు కావాలి. నిద్ర చాలనప్పుడు ఇన్సులిన్ సరిగా పనిచేయదు, తీపి మీదికీ వేపుళ్ల మీదికీ మనసు పోతుంది, బీపీ పెరుగుతుంది. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు కదా, రాత్రి భోజనం దగ్గర మొదలుపెట్టండి. ఒక్క ముడి విప్పితే మిగతావి వదులవుతాయి.

ఎనిమిదింటికల్లా పిల్లలతో కలిసి తినేయండి. మీవారు వచ్చాక పక్కన కూర్చుని ఓ గ్లాసు పలచటి మజ్జిగ తాగుతూ కబుర్లు చెప్పండి, ఆయన భోజనం ఆయనే వడ్డించుకుంటారు. ‘ఆయన తినకుండా నేనెలా తినను’ అని నాతో చాలామంది అంటారు. వాళ్ల భర్తలను పిలిచి అడిగితే, ‘నేనెప్పుడూ ఆగమనలేదండీ’ అంటారు. ఎవరూ పెట్టని నియమాన్ని మోస్తున్నారేమో ఒకసారి ఇంట్లో మాట్లాడి చూడండి. అంట్లు, మర్నాటి కూరగాయలు తరగడం కూడా నలుగురూ పంచుకుంటేనే మీరు పదింటికి పడుకోగలరు. ఈ ఉత్తరంలో సగం మందు మీ ఇంట్లోవాళ్లకే రాస్తున్నానని చెప్పండి.

పదింటి నుంచి 4.45 దాకా అంటే ఆరున్నర గంటలకు పైనే. ఉన్నపళంగా ఏడు గంటలు రాకపోయినా ఇప్పటికంటే ఎంతో నయం. అర్ధరాత్రి ఒళ్లు వేడెక్కి చెమటతో మెలకువ వస్తుంటే అది మెనోపాజ్ ముందు వచ్చే మార్పు కావచ్చు, గైనకాలజిస్ట్‌కు ఆ సంగతీ చెప్పండి. మీకు గురక ఉందేమో మీవారిని అడగండి. గట్టి గురక, పగలు కునుకుపాట్లు రెండూ ఉంటే స్లీప్ ఆప్నియా (నిద్రలో శ్వాస ఆగి ఆగి రావడం) పరీక్ష అవసరమవుతుంది.

తేనె నిమ్మరసం, రాగి జావ విషయానికి వద్దాం. మంచిదని ఎవరైనా చెప్పగానే దాన్ని ఉన్న తిండికి అదనంగా చేర్చుకోవడం మనందరి అలవాటు. ఒకటి తీసేసి ఇంకొకటి పెట్టుకోం. తేనె కూడా చక్కెరే, బెల్లమూ చక్కెరే. చేర్చిన చక్కెర రోజుకు సుమారు 25 గ్రాములు, అంటే ఆరు చెంచాల లోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. నాలుగు టీల్లో చెంచా చొప్పున నాలుగు, తేనె ఒకటి, జావలో బెల్లం రెండు అనుకున్నా, టీతో తినే బిస్కెట్ల జోలికి వెళ్లకుండానే ఏడయ్యాయి. రాగులు మంచివే, తప్పు వాటిది కాదు. మెత్తటి పిండిని ఉడికించి జావ చేసి తాగితే చకచకా అరిగి షుగర్‌ను త్వరగా పెంచుతుంది. అదే రాగి రొట్టె కూరతోనో, సంకటి ఆకుకూర పప్పుతోనో తినండి. పొద్దున జావ బదులు రెండు పెసరట్లు అల్లం పచ్చడితో తిన్నా, ఇడ్లీలు తగ్గించి గుడ్డు తీసుకున్నా మధ్యాహ్నం దాకా ఆకలి ఆగుతుంది. నిమ్మరసాన్ని పప్పులో, కూరలో పిండుకోండి. ఐరన్ బాగా పడుతుంది. జామ, ఉసిరి కూడా అంతే. టీ మానక్కర్లేదు. రోజుకు రెండు చాలు. భోజనానికీ టీకీ మధ్య గంటైనా ఎడం ఉండాలి.

అన్నం మానొద్దు. పుట్టినప్పటి నుంచి తింటున్నది ఒక్కసారిగా మానేస్తే నాలుగో రోజుకు విసుగొస్తుంది, ఐదో రోజు రెట్టింపు తింటాం. హైదరాబాద్‌ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో కంచంలో సగం కూరగాయలు, పండ్లే ఉండాలంది. మన ఇళ్లలో తిరగబడి ఉంటుంది. కంచం నిండా అన్నం, అంచున రెండు గరిటెల కూర, ఓ ఆవకాయ ముక్క. మీ కిచెన్‌లో ఒక కప్పు తీసుకోండి. అన్నం ఒక కప్పు అయితే కూర కూడా అదే కప్పుతో ఒకటి, పప్పో గుడ్డో చేపో ఇంకొకటి. ముందు కూర, పప్పు కాసిని తిని తర్వాత అన్నం కలుపుకుంటే తిన్నాక షుగర్ ఎగరడం తగ్గుతుంది. ఆఖరున పెరుగన్నం మీ ఇష్టం, రెండు ముద్దలు తినండి. మీ బీపీ అంచులో ఉంది కాబట్టి ఉప్పు రోజు మొత్తానికి ఒక చెంచా, 5 గ్రాములు దాటకూడదు. ఆవకాయ, అప్పడాలు, వడియాల్లో ఉండేది కూడా ఆ లెక్కలోకే వస్తుంది. పచ్చడి రోజుకు ఒక్కపూట చాలు.

నడక గురించి. పది వేల అడుగులన్న అంకె ఏ పరిశోధనలోనూ పుట్టలేదు. 1960ల్లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక పరికరాన్ని అమ్మడానికి పెట్టిన పేరులోంచి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. మీకు ఇప్పుడు అది కూడా వద్దు. రాత్రి భోంచేశాక డాబా మీదో, వీధిలోనో పది నిమిషాలు మామూలు నడక నడవండి. కదిలే కండరం రక్తంలోని గ్లూకోజ్‌ను ఇన్సులిన్ కోసం పెద్దగా ఎదురుచూడకుండానే లాగేసుకుంటుంది, అందుకే వేరే వేళలో ఒకేసారి ఎక్కువసేపు నడిచేదాని కంటే తిన్న వెంటనే కాసేపు నడక షుగర్‌కు ఎక్కువ ఉపయోగపడే సందర్భాలున్నాయి. హిమోగ్లోబిన్ పెరిగేకొద్దీ నిమిషాలు పెంచండి. మోకాళ్లకు మాత్రం నడక కంటే తొడ కండరాలకు బలం ముఖ్యం. స్టాఫ్‌రూమ్‌లోనే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం పది సార్లు, రోజుకు రెండు పూటలా చేయండి. నొప్పి పెరిగితే ఎత్తయిన కుర్చీ తీసుకోండి.

బరువు తగ్గకపోతే ఇదంతా వృథా అనుకుంటారేమో. మీ బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 27, భారతీయులకు 25 దాటితే స్థూలకాయమనే లెక్క. నడుము మహిళలకు 80 సెంటీమీటర్లు దాటకూడదు, మీది 91. తగ్గాల్సిన మాట నిజమే. కానీ చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం ప్రీడయాబెటిస్ ఉన్న ఐదు వందల మందికి పైగా భారతీయుల మీద చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, తిండి కాస్త మార్చి నడక పెంచినవాళ్లలో సుమారు మూడేళ్లలో మధుమేహం వచ్చే ముప్పు 28 శాతం తగ్గింది. చెప్పుకోదగ్గంత బరువు తగ్గకుండానే! మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఇచ్చినా దాదాపు అంతే ఫలితం. అందుకే మీకు ఇప్పుడే షుగర్ మందు అవసరమని నేననుకోను. వెయింగ్ మెషీన్ రోజూ ఎక్కకండి. నెలకోసారి నడుము కొలవండి.

ఐరన్ మాత్రలు డాక్టర్ రాసిన మోతాదులోనే, టీ, పాలు, కాల్షియం మాత్రలతో కలపకుండా వేసుకోవాలి. మలం నల్లగా వస్తే కంగారుపడొద్దు. హిమోగ్లోబిన్ 12 దాటగానే ఆపేయకుండా డాక్టర్ చెప్పేదాకా, మామూలుగా ఇంకో మూడు నెలలు వాడాలి. గ్యాస్ టాబ్లెట్‌ను ఉన్నట్టుండి మానితే మంట ఇంకా ఎక్కువగా తిరగబెట్టొచ్చు. భోజనం వేళ మారి మంట తగ్గాక, ఎలా తగ్గించుకోవాలో మీ డాక్టర్‌నే అడగండి.

ఒక జాగ్రత్త. ఛాతీలో మంట మెట్లెక్కేటప్పుడో, వేగంగా నడిచేటప్పుడో వచ్చి ఆగితే తగ్గుతున్నా, దవడకో చేతికో పాకుతున్నా, చెమటలు పడుతున్నా దాన్ని గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. మహిళల్లో గుండె ఇబ్బంది ఇలా గ్యాస్ ముసుగులో రావడం చూస్తూనే ఉంటాం. అలాంటిదేమీ లేకపోతే రక్తపరీక్షలు, ఈసీజీ ఈ వారంలోనే చేయించుకోండి. బీపీ ఇంట్లోనే, ఐదు నిమిషాలు కూర్చున్నాక, వారం పాటు పొద్దున సాయంత్రం చూసి రాసిపెట్టుకోండి. మూడు నెలలకు హిమోగ్లోబిన్, షుగర్ మళ్లీ చూస్తారు. అప్పటికీ తిన్నాక షుగర్ పెరుగుతూనే ఉంటే మందు గురించి ఆలోచించవచ్చు.