పురుగు పైపొర మీద పరిశోధన: బీజెడ్‌సీ తర్వాత దారి ఎటు?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బీజెడ్‌సీ ఆఖరి సంవత్సరం. దోమల పైపొరలోని ప్రోటీన్ల వల్ల అవి మందుకు చావడం లేదని ఎక్కడో చదివి, దాని మీదే పరిశోధన చేస్తానంటోంది. మిరప వేసేవాళ్లం, మందు పారకపోతే ఎలా ఉంటుందో మాకు తెలుసు. కానీ ఈ చదువుతో బతుకుదెరువు ఉంటుందా? – ఓ తండ్రి, పల్నాడు జిల్లా

జవాబు: ఉంటుందండీ. అయితే ముందు పట్టుబట్టాల్సింది ప్రోటీన్ల మీద కాదు, పురుగును పెంచడం, మందు పరీక్ష తప్పులేకుండా చేయడం మీద.

పురుగు పైపొరను, అంటే క్యూటికల్‌ను, ఇంటి స్లాబులా ఊహించుకోండి. కైటిన్ పోగులు ఇనుప కడ్డీలు, వాటిని పట్టి ఉంచే కాంక్రీటు క్యూటికల్ ప్రోటీన్లు, పైన మైనంలాంటి హైడ్రోకార్బన్ల పూత. మందు రాసిన దోమతెర మీద దోమ వాలితే మందు కాళ్ల గుండానే లోపలికి వెళ్లాలి. ఆఫ్రికాలో మలేరియా మోసే అనాఫిలిస్ గాంబియే, అనాఫిలిస్ ఫ్యునెస్టస్ దోమల్లో దోమతెరలకు రాసే పైరిథ్రాయిడ్ రకం మందులను తట్టుకునేవాటికి కాళ్ల పైపొర మందంగా ఉన్నట్టు తేలింది. గాంబియేలో పైనున్న హైడ్రోకార్బన్లు కూడా ఎక్కువే. పైపొర ఒక్కటే దోమను పూర్తిగా కాపాడదు. మందు లోపలికి దిగడం ఆలస్యమైతే, దాన్ని విరిచేసే పీ450 ఎంజైములకు సమయం దొరుకుతుంది. అసలు దెబ్బ ఈ రెండూ కలిసినప్పుడే.

ఇక ల్యాబ్ పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ ట్యూబ్ పరీక్షలో ఒక్కో ట్యూబులో 20–25 ఆడదోమలు వేస్తారు. వయసు 3–5 రోజులు, రక్తం తాగి ఉండకూడదు. 0.05 శాతం డెల్టామెథ్రిన్ (ఒక పైరిథ్రాయిడ్ మందు) పట్టించిన కాగితం మీద గంటసేపు ఉంచి, 24 గంటల తర్వాత చచ్చినవాటిని లెక్కిస్తారు. 98 శాతం, ఆపైన చస్తే మందు పారుతున్నట్టు. 90 లోపు అయితే నిరోధకత ఖాయం. మందు లేని కంట్రోల్ ట్యూబుల్లోనే 20 శాతానికి మించి చస్తే ఆ రోజు పని మొత్తం పారబోయాల్సిందే.

కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. ట్రేలో లార్వాలు కిక్కిరిస్తే దోమలు చిన్నవి పుడతాయి, వాటి పైపొర కూడా పలచన. రెండు గుంపుల మధ్య కనిపించిన తేడా తిండిది కావచ్చు, నిరోధకతది కాకపోవచ్చు. అందుకే రెక్క పొడవు కొలిచి, ఒకే సైజు, ఒకే వయసు దోమలనే పోల్చాలి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద కాలి ముక్క ఏటవాలుగా తెగినా పైపొర ఉన్నదానికంటే మందంగా కనిపిస్తుంది. కేడీఆర్ జన్యుమార్పు (నరాల్లో మందు పనిచేసే చోటునే మార్చేసేది) ఉందా, పీ450 ఎంజైములను అడ్డుకునే పీబీవో కలిపితే మందు మళ్లీ పారుతోందా అన్నది తేల్చుకోకుండా, ప్రోటీన్ జన్యువు పని క్యూపీసీఆర్‌లో (జన్యువు ఎంత పనిచేస్తోందో కొలిచే పరీక్షలో) పెరిగిందని దానిదే తప్పనడం తొందరపాటు. జన్యువు పని పెరగడం ఆనవాలు మాత్రమే. ఆర్‌ఎన్‌ఏఐ అనే, జన్యువు నోరు నొక్కే పద్ధతితో దాన్ని అణిచినప్పుడు దోమ మళ్లీ మందుకు చస్తే, అది రుజువు.

ఇప్పుడు దారి. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఎమ్మెస్సీ ఎంటమాలజీకి (కీటక శాస్త్రానికి) సాధారణంగా బీఎస్సీ అగ్రికల్చర్ అడుగుతారు, బీజెడ్‌సీతో అటు వెళ్లడం కష్టం. అమ్మాయికి నప్పేది పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్‌లో రెండేళ్ల ఎమ్మెస్సీ పబ్లిక్ హెల్త్ ఎంటమాలజీ. లేదంటే ఎమ్మెస్సీ జువాలజీ చేసి, సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుని పీహెచ్‌డీకి వెళ్లవచ్చు. పీహెచ్‌డీ దాకా వద్దనుకున్నా దోమల నియంత్రణ పథకాలు, జీహెచ్‌ఎంసీలాంటి నగరపాలక సంస్థల ఎంటమాలజీ విభాగాలు, పురుగుమందుల కంపెనీల పరీక్షా ల్యాబ్‌లు ఉన్నాయి. అక్కడ అడిగేది బయోఅస్సే (పైన చెప్పినలాంటి మందు పరీక్ష) చేయడం, ప్రోబిట్ లెక్క (ఎంత మోతాదుకు ఎన్ని చస్తాయో తేల్చేది) కట్టడం వచ్చా అని. ఆర్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో గణాంకాలు ఇప్పటి నుంచే నేర్చుకోమనండి.

ప్రాజెక్టుకు ఏ ల్యాబ్‌లో చేరినా అమ్మాయి మొదట ఒక్కటి అడగాలి: ఏ మందూ తగలకుండా తరతరాలుగా పెంచుతున్న దోమల కాలనీ ఉందా? అది లేకపోతే పోల్చడానికి ఆధారమే ఉండదు, ఎంత ఖరీదైన మైక్రోస్కోపు ఉన్నా ఆ ల్యాబ్ వద్దు.