నైట్రేట్ సున్నా ఉన్న రీఫ్ ట్యాంకులో ఆల్కలినిటీ ఎంత ఉంచాలి?

మీ ప్రశ్న చదివాను. పగడాలు (కోరల్స్) పెంచే 250 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు, నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా, ఆల్కలినిటీ (నీళ్లలోని బైకార్బొనేట్, కార్బొనేట్ల కొలత) 10.8 డీకేహెచ్ (దాన్ని కొలిచే యూనిట్). ఆక్రోపోరా (కొమ్మలుగా పెరిగే రాతి పగడం) కొసలు తెల్లబడుతున్నాయి, పీహెచ్ 7.8 దాటడం లేదు, బఫర్ (ఆల్కలినిటీ పెంచే పొడి) ఇంకా వేయాలా అని అడిగారు. వేయకండి. ఈ రోజే బఫర్ డబ్బా మూత బిగించి పక్కన పెట్టేయండి. మీ నీళ్లలో ఆల్కలినిటీ తక్కువై కాదు, ఉన్న తిండికి మించిపోయి కోరల్ దెబ్బ తింటోంది. నేను సరిగ్గా ఇదే తప్పు చేసి రెండు మంచి కాలనీలు పోగొట్టుకున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు మీ కొసలు నిజంగా కాలినవేనా అన్నది చూసుకోండి. ఆరోగ్యంగా పెరుగుతున్న ఆక్రోపోరా కొస కూడా తెల్లగానే ఉంటుంది, చాలామంది అక్కడే పొరబడతారు. పంపులన్నీ ఆపి, నీళ్లు నిలకడగా అయ్యాక భూతద్దంతో చూడండి. పెరుగుతున్న కొస మీద పల్చటి, తడి మెరుపున్న చర్మం ఉంటుంది. కొసన ఉండే చిన్న గొట్టం అంచు గుండ్రంగా, కాస్త మెత్తగా కనిపిస్తుంది. కాలిన కొస మీద చర్మం ఉండదు. ఎండిన సుద్దముక్కలా పొడిబారి, అంచులు గరుగ్గా ఉంటాయి. నాలుగైదు రోజులకు దాని మీద ఆకుపచ్చ, గోధుమ రంగు నాచు పొర పడుతుంది. నాచు పట్టిందంటే అక్కడ కోరల్ చనిపోయినట్టే, ఇక సందేహం అక్కర్లేదు.

ఎందుకిలా జరుగుతుందంటే, కోరల్ తన అస్థిపంజరాన్ని కాల్షియం కార్బొనేట్‌తో కడుతుంది. ఆల్చిప్ప కూడా ఆ పదార్థమే. మన తీరంలో వాళ్లు గుల్లలు కాల్చి సున్నం చేసేవారు కదా, కోరల్ చేసేది దానికి సరిగ్గా తిరగేసిన పని. నీళ్లలోని కాల్షియం, బైకార్బొనేట్ తీసుకుని రాయి కడుతుంది. మనం ఆల్కలినిటీ అని కొలిచేది చాలావరకు ఆ బైకార్బొనేట్, కార్బొనేట్లనే. అది పెరిగితే కట్టుబడి వేగం పెరుగుతుంది. కానీ రాయి మీద చర్మం కూడా పెరగాలి కదా! చర్మానికి నత్రజని (నైట్రేట్ నుంచి) కావాలి, భాస్వరం (ఫాస్ఫేట్ నుంచి) కావాలి. చర్మంలో ఉండి సూర్యరశ్మితో తిండి వండిపెట్టే సూక్ష్మ శైవలాలకూ అవే కావాలి. తాపీమేస్త్రీకి ఇటుకలు, సున్నం గుట్టలుగా తెచ్చి పోసి, అన్నం మాత్రం పెట్టకపోతే గోడ ఎలా లేస్తుంది? తిండి లేని ట్యాంకులో ఆల్కలినిటీ ఎక్కువైతే రాయి ముందుకు పోతుంది, చర్మం వెనకబడుతుంది, కొస బయటపడుతుంది అని రీఫ్ పెంచేవాళ్లలో ఎక్కువమంది వివరణ. నా ట్యాంకులో చూసింది కూడా దానికి సరిపోయింది.

సముద్రపు నీటిలో ఆల్కలినిటీ సుమారు 7 డీకేహెచ్ ఉంటుంది. నైట్రేట్, ఫాస్ఫేట్ దాదాపు కనిపించని ట్యాంకులో నేను 7 నుంచి 8 మధ్యే ఉంచుతాను, నా గురి 7.5. చేపలు ఎక్కువగా ఉండి, నైట్రేట్ 10 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) దగ్గర ఉన్న ట్యాంకుల్లో 9, 10 ఉన్నా కోరల్స్ బాగా పెరగడం చూశాను. అందుకే వేరేవాళ్ల ట్యాంకు అంకె తెచ్చి మన ట్యాంకులో పెట్టకూడదు. మా బావగారు భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తారు, ఆయనకు ఆల్కలినిటీ అంటే పీపీఎంలోనే లెక్క. డీకేహెచ్‌ను 17.9తో గుణిస్తే ఆ లెక్క వస్తుంది. నా 7.5 అంటే సుమారు 134 పీపీఎం, మీ 10.8 అంటే 193. మీ మీటర్ పీపీఎం చూపించేదైతే ఈ గుణకారం గుర్తుంచుకోండి.

నా సంగతి చెప్తాను. విశాఖ పెదవాల్తేరులో మా ఫ్లాట్లో మొత్తం 300 లీటర్ల నీళ్లున్న ట్యాంకు ఉంది. నైట్రేట్ తగ్గాలని వినెగర్ వేస్తూ, ఫాస్ఫేట్ పీల్చే మీడియా వాడుతూ నీళ్లను అద్దంలా ఉంచేవాణ్ణి. నైట్రేట్ టెస్టులో రంగే రాకపోతే సంతోషపడేవాణ్ణి. అప్పట్లో త్వరగా పెరుగుతాయని ఎక్కువ ఆల్కలినిటీ ఉన్న రకం ఉప్పు కొన్నాను. కలిపిన కొత్త నీళ్లు 12 డీకేహెచ్ ఉండేవి. ట్యాంకు 7.6 దగ్గర ఉన్నప్పుడు 20 శాతం నీళ్లు మారిస్తే ఒక్క గంటలో 8.5కి ఎక్కేది, వారం తిరిగేసరికి మళ్లీ దిగేది. ప్రతి ఆదివారం ఇదే. మూడో నెలలో నీలం రంగు ఆక్రోపోరా కొసలన్నీ సుద్దలా అయ్యాయి, ఆ పక్కదానికి మొదలు నుంచి చర్మం ఊడటం మొదలైంది. నేను నీళ్లు బాగాలేవేమో అనుకుని ఇంకా ఎక్కువ నీళ్లు మార్చాను. రెండూ పోయాయి. ఉప్పు కొనేటప్పుడు డబ్బా మీది పేరు కాదు, కలిపాక వచ్చే ఆల్కలినిటీ చూడాలని అప్పుడు తెలిసింది. మన ట్యాంకు అంకెకు దగ్గరగా ఉండే ఉప్పే మన ఉప్పు.

ఇక మీ పీహెచ్ సంగతి. ఇది మన ఊళ్లో దాదాపు ప్రతి ట్యాంకుకూ ఉన్న గొడవ. ఏప్రిల్, మే ఉక్కపోతకు తలుపులు, కిటికీలు మూసి ఏసీ వేస్తాం. నలుగురు మనుషులున్న మూసిన గదిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, అది నీళ్లలో కరిగి పీహెచ్ దించుతుంది. ఆల్కలినిటీ 10.8 ఉండి కూడా పీహెచ్ 7.8 అంటే మీది గాలి సమస్య, నీళ్ల సమస్య కాదు. బఫర్ వేస్తే పీహెచ్ కాసేపు లేచి మళ్లీ పడుతుంది, ఆల్కలినిటీ మాత్రం పెరిగి అక్కడే నిలుస్తుంది. మీరు రోజూ చేస్తున్నది అదే. ఒక పూట కిటికీలు తెరిచి పెట్టి పీహెచ్ చూడండి. పెరిగితే స్కిమ్మర్ (గాలి బుడగలతో నీళ్లలోని మురికిని తీసే పరికరం) గాలి గొట్టాన్ని కిటికీలోంచి బయటకు పెట్టండి. మా ఇంట్లో ఆ గొట్టం ఒక్కటే 7.8ని 8.0 దాటించింది. అసలు 7.8 దగ్గర కూడా కోరల్స్ బతుకుతాయి, ఆ అంకె గురించి టెన్షన్ పడకండి.

10.8ని దించడానికి యాసిడ్ ఏదీ పోయకండి. బఫర్ వేయడం (డోసింగ్) ఆపేస్తే కోరల్సే వాడుకుని దించుతాయి. రోజుకు 0.5 కంటే వేగంగా పడకుండా చూసుకోండి, ఇంకా మెల్లగా అయినా నష్టం లేదు. మీ కోరల్స్ ఇప్పుడు నీరసంగా ఉన్నాయి కాబట్టి వాడకం తక్కువ ఉండొచ్చు. అప్పుడు 7.5 దగ్గర ఉన్న కొత్త నీళ్లతో 10 శాతం మారిస్తే ఒక్కోసారికి 0.3 దిగుతుంది.

దించడం సగం పని. రెండో సగం తిండి. సున్నా నైట్రేట్, సున్నా ఫాస్ఫేట్ గొప్ప సంగతి కాదండి. ముఖ్యంగా ఫాస్ఫేట్ లేకపోతే కోరల్స్ ఎండకు, వేడికి త్వరగా తెల్లబడతాయని ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు పరిశోధించి చెప్పారు. ఆ పైన, రెండూ సున్నాకు చేరిన ట్యాంకుల్లో ఇసుక మీద గోధుమ రంగు చీమిడిలా, గాలి బుడగలతో డైనోఫ్లాజెలేట్లు అనే సూక్ష్మజీవులు పట్టుకుంటాయి, వాటిని వదిలించుకోవడం చాలా కష్టం. ఫాస్ఫేట్ మీడియా తీసేయండి. చేపలకు తిండి ఇంకో పూట పెట్టండి. వినెగర్ వేస్తుంటే సగానికి తగ్గించి, వారం ఆగి చూడండి. నైట్రేట్ 2 నుంచి 5 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.08 పీపీఎం వరకు రావాలి, అదీ నెమ్మదిగా. కొందరు సోడియం నైట్రేట్ వేస్తారు. ఆ నైట్రేట్‌ను ట్యాంకు తినేసినప్పుడు కొంత ఆల్కలినిటీ తిరిగి పుడుతుంది. 5 పీపీఎంకు దాదాపు 0.2 డీకేహెచ్. చిన్నదే, కానీ వారాల తరబడి వేస్తే లెక్క తప్పుతుంది, గమనించుకోండి.

తిండి మొదలయ్యాక ఒక మంచి మార్పు వస్తుంది. అది తెలియక మళ్లీ దెబ్బ తినేవాళ్లున్నారు. కోరల్ కోలుకుంటే ఆల్కలినిటీ వాడకం పెరుగుతుంది. నా ట్యాంకు రోజుకు 0.4 తాగేది, తిండి పెంచిన రెండు నెలలకు 0.8 అయింది. పాత డోసే వేస్తూ కూర్చుంటే అంకె జారిపోతుంది. వైద్యుడు నాడి చూసినట్టు నేను ఈ రోజువారీ వాడకాన్నే చూస్తాను. ఉన్నట్టుండి వాడకం తగ్గిందంటే కోరల్‌కు ఏదో ఇబ్బంది వచ్చింది, రంగు మారేలోపే అది తెలుస్తుంది. కొలవడం తేలిక. రెండు రోజులు డోసింగ్ ఆపి, అదే గంటకు కొలిచి, తేడాను రెండుతో భాగించండి. పగలు వెలుతురులో వాడకం ఎక్కువ, రాత్రి తక్కువ, కాబట్టి రోజూ ఒకే సమయం ముఖ్యం. నేను లైట్లు వెలిగే ముందు, కాఫీ కలిపే వేళకు చేస్తాను.

ఆల్కలినిటీ టెస్టు చేసేటప్పుడు సిరింజి మొనలో గాలి బుడగ ఉందేమో చూడండి. చుక్కలు వేస్తూ సీసాను తిప్పుతుంటే నీలి ఆకుపచ్చ రంగు ఒక్క చుక్కతో గులాబీ నారింజకు తిరుగుతుంది, తిప్పితే మళ్లీ వెనక్కి పోతుంది. వెనక్కి పోకుండా నిలిచిన చుక్కే లెక్క. తెల్ల కాగితం మీద పెట్టి చూస్తే స్పష్టంగా ఉంటుంది. కిట్ మార్చినప్పుడు పాతదీ కొత్తదీ ఒకే నీళ్ల మీద పోల్చుకోండి.

అంకె 7.5కి వచ్చాక తిరిగి డోసింగ్ మొదలుపెట్టాలి. దీనికి ఖరీదైన సీసాలేమీ అక్కర్లేదు, కిరాణా కొట్లో దొరికే వంటసోడా చాలు. అట్ట మీద సోడియం బైకార్బొనేట్ తప్ప మరేదీ ఉండకూడదు, బేకింగ్ పౌడర్ పొరపాటున కూడా వద్దు. 100 లీటర్ల నీళ్లలో 1 డీకేహెచ్ పెంచడానికి 3 గ్రాములు కావాలి. నా 300 లీటర్లకు రోజుకు 0.8 చొప్పున 7.2 గ్రాములు, ఆర్‌ఓ నీళ్లలో కరిగించి డోసింగ్ పంపుతో రోజంతా కొంచెం కొంచెంగా వేస్తాను. పీహెచ్ కూడా కాస్త లేవాలంటే అదే వంటసోడాను పల్చగా పరిచి ఓవెన్‌లో 150 డిగ్రీల దగ్గర గంటసేపు కాలిస్తే సోడా యాష్ అవుతుంది. అప్పుడు 3 గ్రాముల బదులు 1.9 చాలు. చాకలి సోడా మాత్రం శుభ్రత తెలియదు, నేను వాడను. ఏదైనా ప్రవాహం ఎక్కువున్న చోట మెల్లగా పడాలి. ఒకేసారి పోస్తే పాలలా మబ్బు కడుతుంది, హీటర్ మీద, పంపు లోపల రాయిలా గట్టిపడుతుంది. కాల్షియం 420 పీపీఎం, మెగ్నీషియం 1300 పీపీఎం దగ్గర ఉండేలా చూసుకోండి. సున్నపు తేట వాడేవాళ్లూ ఉన్నారు, అది కాల్షియం, ఆల్కలినిటీ రెండూ ఇస్తుంది, పీహెచ్ కూడా పెంచుతుంది. కానీ మన తేమకు నీళ్లు ఆవిరయ్యేది తక్కువ, ఆవిరైనంత మేరే తేట పోయగలం కాబట్టి కోరల్స్ పెద్దవయ్యాక అది ఒక్కటే సరిపోదు.

ఆర్.కె. బీచ్ పక్కనే కదా, సముద్రపు నీళ్లే తెచ్చి పోస్తే 7 వస్తుంది కదా అని కూడా రాశారు. వానాకాలం నుంచి నవంబరు దాకా మన తీరంలో నదుల నీళ్లు కలిసి ఉప్పదనం పడిపోతుంది, దాంతో ఆల్కలినిటీ కూడా మారుతుంది. హార్బర్ దగ్గరి నీళ్లయితే అసలు వద్దు. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరు లేకుండా బిందె నింపకండి.

కరెంటు పోయినప్పటి సంగతి కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నా దగ్గర చిన్న ట్యాంకే ఉండేది. కరెంటు తిరిగొచ్చాక అలవాటుగా పాత డోసే వేశాను. చీకట్లో ఉండి అలిసిన కోరల్స్ ఏమీ వాడుకోలేదు, అంకె వారంలో 2 పైన ఎక్కింది. ఎక్కువసేపు లైట్లు లేకపోతే, వచ్చాక ముందు కొలవండి, తర్వాతే పంపు వేయండి.

ఇంకో మాట. మన సముద్రాల్లోని రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. తీరంలో ఎవరైనా తక్కువకు ఇస్తానంటే తీసుకోకండి. బయటి దేశాల్లో పెంచినవైనా కాగితాలున్నవే కొనండి.

ఇప్పుడు కాలిన కొసల గురించి. నాచు పట్టిన భాగం మళ్లీ బతకదు. అంకె 8 కంటే కిందికి వచ్చి, ఓ పది రోజులు కదలకుండా నిలిచాక, పదునైన కట్టర్‌తో చనిపోయిన చోటుకు ఒక సెంటీమీటరు కింద, చర్మం బాగున్న చోట కత్తిరించండి. కోసిన చోట రెండు మూడు వారాల్లో చర్మం కప్పుకుంటుంది. అంతకు ముందే కత్తిరిస్తే కొత్త గాయం కూడా కాలుతుంది, నాకు అలాగే అయింది. చర్మం మొదలు నుంచి పైకి ఊడుతుంటే మాత్రం ఆగొద్దు, బాగున్న పై కొమ్మలను వెంటనే కోసి వేరే రాయి మీద అతికించండి.