అమ్మ జీవితం రాయబోతున్న అమ్మాయికి

పర్లాకిమిడి

ప్రభువునందు ప్రియమైన అమ్మాయికి, మీ పిన్ని దీవించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. అక్కకు 92 ఏళ్ళు నిండుతున్న సందర్భంగా కృతజ్ఞత కూడిక పెట్టి, ఆనాటికి ఆమె జీవితాన్ని చిన్న పుస్తకంగా అచ్చు వేయించాలని మీరంతా అనుకోవడం నాకు చాలా నచ్చింది. మనవాళ్ళు సాధారణంగా ఈ పని మనిషి పోయిన తరువాత, ఆదరణ కూడికకు రెండు రోజుల ముందు, వచ్చేపోయే చుట్టాల మధ్య హడావిడిగా కానిస్తారు. బడిలో తెలుగు చెప్పినదాన్నని మన సంఘంలో అలాంటి కరపత్రాలు చాలావరకు నా చేతనే దిద్దించారు కాబట్టి చెబుతున్నాను, పేరు ఒక్కటి మారిస్తే అవి ఎవరి తల్లికైనా సరిపోతాయి. ప్రార్థనాపరురాలు, సాత్వికురాలు, అతిథులను ఆదరించిన ఇల్లాలు అన్న మాటలు ప్రతిదానిలోనూ ఉంటాయి, ఆమె ఎవరో మాత్రం తెలియదు. ఆ మాటలు ఒక్కటి కూడా వాడకుండా రాయగలవేమో చూడు. అక్క ఏమేమి చేసిందో నువ్వు రాస్తే, ఎలాంటిదో చదివినవాళ్ళే అనుకుంటారు.

ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. లూకా సువార్త రెండో అధ్యాయంలో అన్న అనే వృద్ధురాలైన ప్రవక్త్రిని గురించి ఉన్నవి మూడే వచనాలు. ఆ మూడింటిలోనే ఆమె తండ్రి పేరు, గోత్రం, పెనిమిటితో కాపురం చేసిన 7 సంవత్సరాలు, ఆ తరువాతి సుదీర్ఘమైన వైధవ్యం, 84 అన్న సంఖ్య, రాత్రింబగళ్ళు ఆమె ఎక్కడ ఉండేదో, ఏమి చేసేదో, చివరకు బాలయేసును చూసి ఎవరెవరితో మాట్లాడిందో అన్నీ వచ్చాయి. పొగడ్త ఒక్కటీ లేదు. అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయంలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురుకు ఏమి చూపించారో గుర్తుందా? ఆమె బ్రతికి ఉండగా తమకు కుట్టి ఇచ్చిన అంగీలనూ వస్త్రాలనూ చూపించారు. నువ్వు రాయబోయే పుస్తకానికి అంతకన్నా మంచి మాదిరి నాకు తెలియదు.

అక్క విషయంలో అలా చూపించదగినది నీ దగ్గరే ఉంది. మీ నాన్నగారు పోయిన తరువాత ఆమె గేదెలను పెట్టుకొని పాలు పోసి మిమ్మల్ని చదివించిందని రాస్తావు, అది అందరికీ తెలిసిందే. ఆ పాల పద్దు పుస్తకాలు వంటింటి అటక మీద రేకు పెట్టెలో ఉన్నాయి, దించి చూడు. ప్రతి నెలకూ ఒక పేజీ, వాడుకదారుకు ఒక వరస, రోజుకు ఒక గడి, గడిలో సోలలూ గిద్దలూ. ఆదివారం గడుల్లో మాత్రం అంకె ఉండదు, చిన్న గీత ఉంటుంది. ఆ రోజు పాలు పోయలేదని కాదు. పసిబిడ్డలున్న ఇళ్ళకు ఆదివారమైనా పాలు కావాలి కదా అని తెల్లవారకముందే పోసి వచ్చేది, ఆ పాలకు డబ్బు మాత్రం పుచ్చుకునేది కాదు. అప్పులవాళ్ళు గుమ్మంలో నిలబడ్డ నెలల్లో కూడా ఆ గీత అలాగే ఉంది. అలాంటి నెల పేజీ ఒకటి ఫోటో తీసి పుస్తకంలో వేయి. దాని కింద వివరంగా నాలుగు వాక్యాలు రాసి ఊరుకో, విశ్రాంతి దినాన్ని గురించి ప్రసంగం చేర్చకు. ప్రసంగం ఎలాగూ పాదిరిగారు చేస్తారు.

ఇక తేదీల సంగతి. ఆధార్ కార్డులో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంది కదా అని అదే వేసేయకు. సరైన తేదీ చెప్పలేని పెద్దవాళ్ళకు చాలామందికి అలాగే జనవరి 1 పడింది. మా తరంలో ఆడపిల్ల పుట్టుకను ఎవరూ కాగితం మీద పెట్టలేదు, ఊరంతా ఎరిగిన సంగతులతో ముడిపెట్టి చెప్పేవారు. నౌపడా నుంచి చిన్న రైలు బండి పర్లాకిమిడికి 1900లో వచ్చింది, గుణుపురం దాకా 1931లో పొడిగించారు. బండి గుణుపురం వెళ్ళడం మొదలైన తరువాతే అక్క పుట్టిందని మా అమ్మమ్మ చెప్పేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేనాటికి అక్క ఇంట్లో తిరుగుతూ మాటలు చెప్పే పిల్ల. కాబట్టి ఈ రెండింటి మధ్యనే వెతకాలి. ఊళ్ళ పేర్లు రాసేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. ఆమె పుట్టినప్పుడు మనది మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా, తరువాత ఒరిస్సాలోని గంజాం జిల్లా, 1992 అక్టోబరు 2 నుంచి గజపతి జిల్లా. ఉన్న ఇంటి నుంచి కదలకుండానే మూడు చిరునామాలు మారిన మనుషులం మనం. పాత కాగితాల్లో గంజాం అని కనబడితే తప్పు అనుకొని దిద్దవద్దు.

సంఘపు రిజిస్టర్లు చూడటానికి కాపరిగారి అనుమతి ముందుగానే తీసుకో. మనది బాప్తిస్టు సంఘం. పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు కాబట్టి మన బాప్తిస్మపు రిజిస్టరులో పుట్టిన తేదీ దొరకదు, తనంతట తాను ఏ వయసులో తీర్మానం చేసుకొని నీళ్ళలో దిగిందో అది దొరుకుతుంది. జీవిత చరిత్రకు అదే ఎక్కువ విలువైనదని నా అభిప్రాయం. మీ నాన్నగారి వైపువారు జయపురం లూథరన్ సంఘానికి చెందినవారు. 1882లో జర్మనీ నుంచి వచ్చిన బ్రెక్లుం మిషనరీల వల్ల మొదలైన ఆ సంఘంలో బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే బాప్తిస్మం ఇస్తారు గనుక ఆయన పుట్టిన తేదీకి అక్కడి రిజిస్టరు ఆధారం అవుతుంది. అన్నిటికన్నా ఉపయోగపడేది పెండ్లి రిజిస్టరు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం వధూవరుల వయస్సు, వృత్తి, నివాసం, తండ్రుల పేర్లు, సాక్షుల సంతకాలు అందులో ఉండాలి. అక్క చెప్పే వయస్సుకూ అందులోని వయస్సుకూ తేడా వస్తే రెండూ రాయి.

ఆమె బైబిలును కూడా ఒకసారి నిదానంగా తిరగెయ్యి. పాత నిబంధనకూ కొత్త నిబంధనకూ మధ్య ఖాళీగా ఉన్న కాగితం మీద మీ అందరి పుట్టిన రోజులూ వరసగా ఉన్నాయి, ఒక్కొక్కటీ ఒక్కో సిరాతో. కీర్తనల గ్రంథం అంచుల్లో పెన్సిలుతో తేదీలు ఉన్నాయి. ఆ తేదీల్లో ఏమి జరిగిందో ఆమెను అడిగితే చాలు, సగం పుస్తకం నీకు దొరికినట్టే. కాగితం పొడిపొడిగా రాలుతోంది కాబట్టి పగటి వెలుతురులో, వరండాలో పెట్టి ఫోనుతో ఫోటోలు తీసుకో. కొత్త అట్ట వేయిస్తానని బయటికి మాత్రం తీసుకెళ్ళకు.

మాట్లాడించడానికి పొద్దున్న ప్రార్థన అయి, కాఫీ తాగిన తరువాతి సమయం మంచిది. మధ్యాహ్నం దాటితే అలసిపోతుంది. ఫ్యాను ఆపి ఫోను దగ్గరగా పెట్టు, లేకపోతే గాలి చప్పుడు తప్ప ఏమీ వినపడదు. ఏ సంవత్సరంలో అని అడిగితే ఆమె నోరు మూతపడుతుంది. మిషను బోర్డింగు బడిలో దొరసానిగారు ఆదివారం ఏమి వండించేవారు, మీ నాన్నగారు సవర ఊళ్ళలో మాస్టరుగా ఉన్నప్పుడు నీళ్ళు ఎక్కడి నుంచి మోసేది, సంతకు వచ్చే సవర ఆడవాళ్ళ దగ్గర వాళ్ళ భాష ఎలా నేర్చుకుంది, ఇలాంటివి అడుగు. సవర భాషలో ప్రార్థన చేయమను, చేస్తుంది. పాటలు తప్పకుండా పాడించు. కీర్తనల పుస్తకంలో రాగమూ తాళమూ అచ్చువేసి ఉన్నా, మన వైపు పాడే వరసలు కొన్ని వేరు, అవి ఇప్పటి కీబోర్డు పిల్లలకు రావు. 1833లో కటకంలో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు పుస్తకం చూడకుండా చివరి చరణం దాకా పాడేవాళ్ళు మన సంఘంలో ఇప్పుడు ఎందరు మిగిలారు?

నువ్వు మొహమాటపడుతూ అడిగిన విషయానికి వస్తాను. మీ పెద్దన్నయ్య పసితనంలో మన్యం జ్వరంతో పోయినప్పుడు అక్క కొన్ని నెలల పాటు గుడికి వెళ్ళలేదు, ఇంట్లో ప్రార్థన కూడా మానేసింది. ఇది రాస్తే ఆమె సాక్ష్యానికి మచ్చ అవుతుందని మీ అన్నయ్య అంటున్నాడని రాశావు. నేను ఒప్పుకోను. కీర్తనల గ్రంథంలో దేవుణ్ణి నిలదీసిన కీర్తనలు ఎన్ని లేవు? 88వ కీర్తన చీకటి తోనే ముగుస్తుంది, అయినా దాన్ని ఎవరూ తీసివేయలేదు. ఆ నెలలు లేకపోతే తరువాతి అరవై ఏళ్ళు ఆమెకు సులువుగా గడిచాయని మనవలు అనుకుంటారు, అది ఆమెకు అన్యాయం. అయితే ముందుగా ఆమెనే అడుగు. వద్దంటే మానెయ్యి.

రెండోవాడి జ్వరం సంగతి దీనికి పక్కనే వస్తుంది. ప్రార్థన వల్ల బ్రతికాడని కొందరు, సెరంగో మిషను ఆసుపత్రిలో వేసిన మందు వల్ల బ్రతికాడని కొందరు మన ఇంట్లోనే వాదించుకోవడం నువ్వు విన్నావు. అక్క ఏనాడూ ఆ వాదంలో దిగలేదు. బిడ్డను భుజాన వేసుకొని కొండ దారిలో నడుస్తూ దారి పొడవునా ప్రార్థన చేశానని, డాక్టరుగారు ఇచ్చిన చేదు మందు మింగించానని రెండూ ఒకే వరసలో చెబుతుంది. ఆమె చెప్పిన వరసలోనే రాయి, ఒకదాన్ని పెంచి ఇంకొకదాన్ని తగ్గించకు.

పొలం గురించి మేనమామలతో వచ్చిన తగాదా మాత్రం పుస్తకంలోకి తేవద్దు. అందులో బ్రతికి ఉన్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మాట మనం అచ్చులో చెప్పలేము. అలాగే మన తాతల కాలంలో క్రీస్తును నమ్మకుండా ఉండిపోయిన చుట్టాలను గురించి రాసేటప్పుడు కలం నెమ్మదిగా నడిపించు. అక్కకు పురుడు పోసిందీ, వరద ఏడాది ధాన్యం అప్పిచ్చిందీ వాళ్ళే. చీకటిలో ఉన్నవారు అంటూ ఊరికే వాళ్ళను కించపరిస్తే అక్కే ఒప్పుకోదు. కులం సంగతి దాచాల్సిన పని లేదు, రెండు వాక్యాల్లో ఉన్నది ఉన్నట్టు చెప్పి ముందుకు సాగు.

బరంపురంలోనూ భువనేశ్వర్‌లోనూ ఉన్న మనవలకు ఒడియా తప్ప చదవడం రాదు కాబట్టి చివర కొన్ని పేజీలు ఒడియాలో వేయించడం అవసరమే. దానికి రెండు భాషలూ ఇంట్లో మాట్లాడేవాళ్ళను పెట్టుకో, ఫోనులోని అనువాదాన్ని నమ్ముకోకు. తెలుగు భాగంలో అక్క మాటలు అక్క మాటల్లాగే ఉండాలి. ఆమె మాటల్లో ఒడియా కలుస్తుంది, సవర కలుస్తుంది. బడి తెలుగులోకి మార్చి దిద్దాలనే బుద్ధి నీకు పుడుతుంది, టీచరునైన నాకే పుడుతుంది, ఆపుకో. నీ సొంత వాక్యాలు శుద్ధంగా ఉంటే సరిపోతుంది.

రాయడం పూర్తయ్యాక మొత్తం ఆమెకు గట్టిగా చదివి వినిపించు, తీసేయమన్నది మారు మాట్లాడకుండా తీసెయ్యి. పేర్ల వర్ణక్రమం ఇంటింటికీ ఫోను చేసి సరిచూసుకో, అచ్చులో పేరు తప్పు పడిన చుట్టం పుస్తకంలో ఇంకేదీ చదవడు. మట్టల ఆదివారం లోపల ప్రతిని నాకు పంపితే దిద్ది వెనక్కి పంపుతాను. అచ్చుకు ఇచ్చేటప్పుడు అక్షరాలు బాగా పెద్దవిగా వేయమని ప్రెస్సువాళ్ళకు గట్టిగా చెప్పు. పేజీలు పెరుగుతాయి, ఖర్చు పెరుగుతుంది అంటారు, పెరగనీ. కంటి ఆపరేషను తరువాత అక్క తన బైబిలు తానే చదువుకుంటోంది, ఈ పుస్తకాన్ని కూడా ఎవరి సాయమూ లేకుండా చదువుకోగలగాలి.

ఇట్లు,
మీ పిన్ని