హూవర్‌లో ఓడితే ఏం పోతుంది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా తమ్ముడు అమెరికాలో అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో ఎంఎస్ చదువుతున్నాడు. మే నెలాఖరు వస్తే చాలు, పక్కనే ఉన్న హూవర్‌లో కాలేజీ బేస్‌బాల్ టోర్నీ అని ఒకటే హడావిడి అంటాడు. ఏంటండీ అది? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: అక్కడ యూనివర్సిటీలు కొన్ని కొన్ని కలిసి లీగులు పెట్టుకుంటాయి, వాటినే కాన్ఫరెన్స్ అంటారు. మీ తమ్ముడు చెప్పేది సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్ గురించి, అందరూ ఎస్ఈసీ అనే పిలుస్తారు. టెక్సస్, ఓక్లహోమా యూనివర్సిటీలు 2024లో చేరాక మొత్తం 16 జట్లయ్యాయి. సీజన్‌లో ఒక్కో జట్టు పది వారాంతాల్లో 30 కాన్ఫరెన్స్ మ్యాచులు ఆడుతుంది, వాటిని బట్టి ర్యాంకులు వస్తాయి, ఆ తర్వాతే హూవర్ టోర్నీ. 1998 నుంచి ఏటా అక్కడే జరుగుతోంది, కోవిడ్ వచ్చిన 2020లో మాత్రం రద్దయింది.

దీన్ని మన ఐపీఎల్ ప్లేఆఫ్స్‌లా అనుకోకండి. అక్కడ మొదటి క్వాలిఫయర్‌లో తప్ప ఎక్కడ ఓడినా ఇంటికే, ఇక్కడ ఓడినా చాలా జట్లకు సీజన్ అయిపోదు. ఇది ముగిసిన మర్నాడే జాతీయ టోర్నీకి 64 జట్ల జాబితా వస్తుంది. కాన్ఫరెన్స్ విజేతలకు అందులో నేరుగా చోటు, 2025లో అలా 29 జట్లు వెళ్లాయి. మిగతా 35 జట్లను సీజన్ అంతా ఎలా ఆడాయో చూసి ఒక కమిటీ ఎంపిక చేసింది. ఆ ఏడాది ఎస్ఈసీ నుంచి మొత్తం 13 జట్లకు చోటు దక్కింది.

ప్రశ్న: 2025లో హూవర్ సెమీస్‌లోనే ఓడిన ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) ఆ తర్వాత దేశానికే ఛాంపియన్ అయింది. మరి హూవర్‌లో గెలిచి లాభమేంటి? (ఒక పాఠకురాలు, నెల్లూరు)

జవాబు: మంచి ప్రశ్న వేశారు. 2025 ఫైనల్లో వాండర్‌బిల్ట్ 3-2తో ఓల్ మిస్‌ను (యూనివర్సిటీ ఆఫ్ మిసిసిపీ జట్టును అలా పిలుస్తారు) ఓడించింది, ఎల్ఎస్‌యూను సెమీస్‌లో 2-0తో ఇంటికి పంపింది ఆ ఓల్ మిస్సే. వారం తిరిగేసరికి ఆ ఫైనలిస్టులిద్దరూ జాతీయ టోర్నీ మొదటి అంచె, అంటే నాలుగేసి జట్ల గ్రూపు, దాటలేకపోయారు, అదీ సొంత మైదానాల్లో. దేశంలోనే నంబర్ వన్ సీడ్‌గా వెళ్లిన వాండర్‌బిల్ట్ నాష్‌విల్‌లో లూయివిల్ చేతిలో, రైట్ స్టేట్ చేతిలో ఓడింది. ఓల్ మిస్‌ను ముర్రే స్టేట్ ఇంటికి పంపింది.

2021లో మిసిసిపీ స్టేట్ హూవర్‌లో రెండు మ్యాచులు ఆడి రెండూ చిత్తుగా ఓడింది. పది పరుగుల తేడా వస్తే ఆట ముందే ఆపేసే రూల్ ఉంది, రెండూ అలా ఆగిపోయినవే. అదే జట్టు ఆ ఏడాది ఒమాహా నగరంలో కాలేజ్ వరల్డ్ సిరీస్ (జాతీయ టోర్నీ ఆఖరి దశ) ఎత్తింది! 2022లో ఓల్ మిస్ హూవర్‌లో మొదటి రోజే వాండర్‌బిల్ట్ చేతిలో 3-1తో ఓడి, 64 జట్లలో చిట్టచివరి చోటుకు అతికష్టం మీద ఎక్కి, చివరికి ఛాంపియన్ అయింది.

దీని వెనక అసలు కారణం పిచర్ (బంతి విసిరే ఆటగాడు) చెయ్యి. అంత వేగంతో వంద బంతుల దాకా విసిరిన కుర్రాడి భుజం, మోచెయ్యి మళ్లీ దారిలోకి రావాలంటే దాదాపు వారం కావాలి, అందుకే సీజన్‌లో ప్రధాన పిచర్‌ను వారానికి ఒక్కసారే దింపుతారు. హూవర్ మంగళవారం నుంచి ఆదివారం దాకా నడుస్తుంది, ఆ వచ్చే శుక్రవారమే జాతీయ టోర్నీ మొదలు. శనివారం సెమీస్ కోసమో ఆదివారం ఫైనల్ కోసమో మంచి పిచర్‌ను వాడేస్తే శుక్రవారం ఎవరితో ఆడాలి? అందుకే చోటు ఖాయమైన కోచ్‌లు అక్కడ ఒక్కో పిచర్‌ను రెండు మూడు ఇన్నింగ్స్‌కే (మ్యాచుకు తొమ్మిది ఉంటాయి) ఆపేసి, కొత్తవాళ్లకు అవకాశమిస్తుంటారు. దీన్ని తప్పుపట్టేవాళ్లున్నారు, టికెట్ కొని వచ్చినవాళ్లకు పూర్తి జట్టును చూపించరా అని. నేను మాత్రం కోచ్‌ల పక్షమే. ఆ కుర్రాళ్లకు ఇరవై ఏళ్లుంటాయి, చాలామందికి జూలైలో ప్రొఫెషనల్ జట్లు ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ ఉంటుంది, చెయ్యి దెబ్బతింటే జీవితమే మారిపోతుంది.

అలాగని హూవర్‌లో గెలవడం అచ్చిరాదు అనుకోవద్దు. 2024లో టెనెసీ అక్కడ ఫైనల్లో ఎల్ఎస్‌యూను 4-3తో ఓడించి, తర్వాత ఒమాహాలోనూ గెలిచింది.

ప్రశ్న: పెద్ద జట్ల సంగతి సరే, చిన్న కాన్ఫరెన్సుల్లో ఏంటి పరిస్థితి? (ఒక డిగ్రీ విద్యార్థి, గుంటూరు)

జవాబు: అక్కడ మాత్రం ప్రాణం పెట్టి ఆడతారండి. కమిటీ చాలా చిన్న కాన్ఫరెన్సుల నుంచి విజేతను తప్ప ఇంకెవర్నీ తీసుకోదు, ఫిబ్రవరి నుంచి పడ్డ కష్టమంతా ఆ నాలుగైదు రోజుల మీదే ఆధారపడి ఉంటుంది, ఇక పిచర్‌ను దాచుకునేదెక్కడ? ఓల్ మిస్‌ను ఓడించిన ముర్రే స్టేట్ కెంటకీలోని ఒక చిన్న ఊరి యూనివర్సిటీ. మిస్సోరి వ్యాలీ కాన్ఫరెన్స్ టోర్నీ గెలిచి వచ్చింది, తన గ్రూపులో నాలుగో సీడ్, అంటే ఆఖరి సీడ్. అక్కడ గెలిచి, ఆపైన డ్యూక్‌ను వాళ్ల సొంత ఊళ్లోనే ఓడించి ఒమాహా దాకా వెళ్లింది. 1999లో 64 జట్ల పద్ధతి వచ్చాక 2025 దాకా నాలుగో సీడ్‌గా మొదలై ఒమాహా చేరినవి నాలుగే: 2008లో ఫ్రెస్నో స్టేట్, 2012లో స్టోనీ బ్రూక్, 2023లో ఓరల్ రాబర్ట్స్, 2025లో ముర్రే స్టేట్. వాటిలో ఫ్రెస్నో స్టేట్ ఏకంగా ఛాంపియన్ అయింది. వీళ్లందరూ కాన్ఫరెన్స్ టోర్నీలు గెలిచి వచ్చినవాళ్లే. ఇలాంటి జట్ల కోసమైనా ఈ టోర్నీలు ఉండాలి అంటాను.

ప్రశ్న: ఒక్క ఓటమికే ఇంటికి పంపే పద్ధతి పెట్టారట, న్యాయమేనా? (పాఠకుడు, వరంగల్)

జవాబు: హూవర్‌లో 2025 నుంచి అంతే. అంతకుముందు మధ్య దశలో రెండు ఓటములదాకా అవకాశం ఉండేది. ఇప్పుడు 9 నుంచి 16 ర్యాంకుల వాళ్లు మంగళవారం, 5 నుంచి 8 వాళ్లు బుధవారం, మొదటి నలుగురు క్వార్టర్స్ నుంచి దిగుతారు. మ్యాచులు తగ్గుతాయి, చేతులకు విశ్రాంతి, పెద్ద కాన్ఫరెన్స్‌కు ఇది సరిపోతుంది. చిన్నవాటికి మాత్రం రెండో అవకాశం ఉండాల్సిందే, ఒక్క చెడ్డ రోజుతో మొత్తం సీజన్ పోకూడదు.

ప్రశ్న: మా అబ్బాయి గ్రాడ్యుయేషన్‌కి మేలో అలబామా వెళ్తున్నాం. బేస్‌బాల్ తెలియని మాలాంటి వాళ్లు వెళ్లి చూడొచ్చా? (ఒక తల్లి, రాజమండ్రి)

జవాబు: తప్పకుండా వెళ్లండమ్మా. హూవర్ మెట్ స్టేడియం 1988లో కట్టింది, బాస్కెట్‌బాల్ వదిలి బేస్‌బాల్‌కు వచ్చిన మైఖేల్ జోర్డాన్ 1994లో బర్మింగ్‌హామ్ బారన్స్ తరఫున ఆడింది ఇక్కడే. ఎండ గట్టిగానే ఉంటుంది, టోపీ పెట్టుకోండి. పిడుగులు పడితే ఆట ఆపేస్తారు, ఆఖరి మెరుపు కనిపించాక కనీసం అరగంట ఆగాలి, కాబట్టి రాత్రి పొద్దుపోతుందని ముందే అనుకోండి. ఒక్కరోజే కుదిరితే ఫైనల్ రోజు కాకుండా మంగళవారం వెళ్లండి. ఆ రోజు నాలుగు మ్యాచులుంటాయి, పైగా జాతీయ టోర్నీలో చోటు దొరుకుతుందో లేదో తెలియని జట్లు ఆడేది ఆ రోజే. వాళ్లు మంచి పిచర్‌ను దాచుకోరు.