రిసెప్టర్ ఆకులో పోయిందా, ట్యూబులో పోయిందా?

ప్రశ్న: అరబిడాప్సిస్ (ప్రయోగాల్లో వాడే చిన్న మొక్క) ఆకుల నుంచి, బ్యాక్టీరియాను పసిగట్టే ఎఫ్‌ఎల్‌ఎస్‌2 రిసెప్టర్ ప్రోటీన్ తీస్తున్నాను. ఉదయం తీస్తే వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను జెల్ మీద సైజు వారీగా విడదీసి, యాంటీబాడీతో గుర్తించే పరీక్షలో) 175 కిలోడాల్టన్ల దగ్గర బ్యాండ్ చక్కగా వస్తోంది. అదే బఫర్‌తో మధ్యాహ్నం తీస్తే బ్యాండ్ ఉండదు, కింద మరక మాత్రం ఉంటుంది. 95 డిగ్రీల్లో వేడి చేయడం వల్లనా? గైడ్‌ని అడగాలంటే టెన్షన్‌గా ఉంది, మేడమ్.
- ఒక పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: ‘అదే బఫర్‌తో’ అన్నావు చూడమ్మా, నా అనుమానం దానిమీదే. పొద్దున్నే సీసా మొత్తంలో పీఎంఎస్‌ఎఫ్ (ప్రోటీన్లను కోసే ఎంజైములు, అంటే ప్రోటియేజులను ఆపే మందు) కలిపి బల్లమీద పెట్టేశావు కదూ? అది నీళ్లలో నిలవదు. పీహెచ్ 7.5 దగ్గర, గది వేడిలో, సుమారు గంటకే సగం పోతుంది. మధ్యాహ్నానికి నీ బఫర్‌లో దాని పేరే మిగులుతుంది. ఆల్కహాల్‌లో స్టాక్ ఉంచుకుని, ఆకు వేసే ముందే ఆ పూటకు సరిపడా కలుపుకో. అది ఆపేది ముఖ్యంగా సెరీన్ ప్రోటియేజులనే. ముదురు ఆకు కణంలో ఎక్కువ చోటు వాక్యూల్ అనే ద్రవపు సంచిదే. నూరగానే అది పగిలి సిస్టీన్ ప్రోటియేజులు కూడా బయటపడతాయి. వాటిని ఆపాలంటే ఈ-64 గానీ లూపెప్టిన్ గానీ ఉండాలి. సారం గోధుమరంగుకు తిరుగుతుంటే ఫినాల్స్ పని, కోసిన వంకాయ నల్లబడ్డట్టే. పీవీపీపీ పొడి వేస్తే వాటిని చాలావరకు పట్టేస్తుంది.

ఇంకోటి. ద్రవ నైట్రోజన్‌లో నూరిన పొడి పాలిపోయిన ఆకుపచ్చగా, పిండిలా రాలుతుండాలి. పరిశోధన చేసే రోజుల్లో ఒకసారి స్పాచులా చల్లబరచకుండా, పక్కావిడతో కబుర్లాడుతూ పొడి ఎత్తాను. అంచున ముదురాకుపచ్చ ముద్ద కట్టింది. ఇంతేగా అనుకుని వాడేశాను. బ్లాట్ తీసేసరికి ఖాళీ! పొడి కరగడమంటూ జరిగితే బఫర్‌లోనే జరగాలి.

వేడి సంగతా? ఈ ప్రోటీన్ కణపు పొరను దాటేది ఒక్కసారే, కాబట్టి 95 డిగ్రీలను నేను పెద్దగా అనుమానించను. పొరను పలుమార్లు దాటే ప్రోటీన్లయితే మరిగిస్తే ఒకదానికొకటి అంటుకుని జెల్ పైనే ఆగిపోతాయి. వాటిని 37 డిగ్రీల్లో కాసేపు ఉంచడం మేలు.

రేపు ఒక చిన్న పరీక్ష చేయి. ఒకే పొడిని రెండు భాగాలు చేసి, ఒకదాన్ని నీ ట్రైటాన్ (మెతక డిటర్జెంట్) బఫర్‌లో, రెండోదాన్ని నేరుగా వేడి ఎస్‌డీఎస్ (ఘాటైన డిటర్జెంట్) సాంపిల్ బఫర్‌లో వెయ్యి. ఎస్‌డీఎస్‌లో ప్రోటియేజులు వెంటనే చచ్చుబడతాయి. అక్కడ బ్యాండ్ ఉండి ట్రైటాన్‌లో లేకపోతే ప్రోటీన్ ట్యూబులో పోయినట్టు. రెండింట్లోనూ లేకపోతే ఆకులోనే పోయిందేమో చూడాలి. ఆ ఆకులకు ఎఫ్‌ఎల్‌జీ22 (ఈ రిసెప్టర్ పసిగట్టే బ్యాక్టీరియా ప్రోటీన్ ముక్క) పెట్టావా? అది తగిలాక కణం తన రిసెప్టర్‌ను గంటలోపే లోపలికి లాక్కుని అరిగించేస్తుంది. మధ్యాహ్నం సాంపిళ్లు అవే అయితే బఫర్‌ని తిట్టకు, ఏ ఆకు ఎన్ని నిమిషాలకు కోశావో నోట్‌బుక్‌లో చూడు.