పాత రైలు స్లీపర్లు పెరట్లో పెట్టొచ్చా?

ప్రశ్న: పాత సామాన్ల దుకాణంలో ఎనిమిది చెక్క స్లీపర్లు (రైలు పట్టాల కింద అడ్డంగా వేసే దుంగలు) కొన్నాం. నాలుగింటిని కూరగాయల మడి చుట్టూ గట్టుగా పెట్టాం. మిగతావాటితో కూర్చునే బల్ల చేయించాలని ఉంది. ఎండలు ముదిరాక వాటిలోంచి నల్లటి జిగురు కారుతోంది, ఘాటు వాసన. పెయింట్ వేస్తే ఆగుతుందా?
– ఓ పాఠకురాలు, నాగోలు

జవాబు: ఆగదండీ. ఆ జిగురు క్రియోజోట్. బొగ్గు తారును సుమారు 200–400 డిగ్రీల మధ్య మరిగించి, ఆవిరిని చల్లార్చి తీసే నూనె. చెదలు, కుళ్లు పట్టకుండా స్లీపర్‌కు దీన్ని ఒత్తిడితో లోపలికంటా ఎక్కిస్తారు. హైదరాబాద్ మే ఎండకు చెక్క కాగితే నూనె పలచబడి పైకి వస్తుంది. జిడ్డు మీద పెయింట్ పట్టదు, పొరలుగా లేచిపోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని 2ఎ వర్గంలో, అంటే మనుషులకు క్యాన్సర్ తెచ్చే అవకాశం గట్టిగా ఉన్నవాటిలో చేర్చింది. ఐరోపాలో 2003 నుంచి మామూలు జనానికి అమ్మడం లేదు. కాబట్టి బల్ల ఆలోచన మానండి. ముఖ్యంగా పిల్లలు కూర్చునే చోట వద్దే వద్దు.

మడి గట్టు కూడా తీసేయండి. నల్లబడ్డ మట్టిని, దాని పక్కన మరో అరడుగు మేర తవ్వి వేరు చేయండి. ఆ చోట షాబాద్ బండలను అరడుగు లోతున దించి నిలబెడితే చెదల బెడదే ఉండదు.

ఎత్తే పని పొద్దుగూకాక పెట్టుకోండి. క్రియోజోట్ అంటిన చర్మానికి ఎండ తగిలితే కాలినట్టు ఎర్రబడి మండుతుంది. నిండు చేతుల చొక్కా, నైట్రైల్ గ్లవ్స్ వేసుకోవాలి. గుడ్డ గ్లవ్స్ నూనెను పీల్చి చర్మానికి అంటించి ఉంచుతాయి. చేతికి అంటితే కిరోసిన్, థిన్నర్ జోలికి పోవద్దు, అవి దాన్ని చర్మంలోకి ఇంకా దింపుతాయి. కొంచెం వంటనూనెతో తుడిచి, తర్వాత సబ్బుతో కడగాలి. ఆ బట్టలు విడిగా ఉతకండి.

రంపం పెట్టించకపోవడమే మేలు. తప్పనిసరైతే ఆరుబయట, కింద టార్పాలిన్ పరిచి, పొట్టంతా సంచిలోకి ఎత్తాలి. పొట్టును కంపోస్టులో కలపొద్దు. దుమ్ముకు ఎన్95 మాస్క్ పనికొస్తుంది కానీ ఆవిరిని ఆపలేదు. దానికి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిజ్ (రసాయనాల ఆవిరిని పీల్చుకునే డబ్బా) ఉన్న మాస్క్ కావాలి.

అన్నిటికంటే గట్టిగా చెప్పేది: ముక్కలను నీళ్ల బాయిలర్‌లో గానీ చలిమంటలో గానీ వేయకండి. ఆ పొగ, బూడిద రెండూ విషమే. చక్కగా మండుతాయని ఎవరైనా అడిగినా ఇవ్వొద్దు.

ప్రశ్న: మరి కొత్త చెక్కకు చెదలు పట్టకుండా ఏం పూయాలి?
– బోయిన్‌పల్లి పాఠకుడు

జవాబు: ఇంటి లోపలి చెక్కకైతే 10 లీటర్ల నీటిలో 300 గ్రాముల బోరాక్స్, 200 గ్రాముల బోరిక్ యాసిడ్ కరిగించి, పాలిష్‌కు ముందు పూయండి. కోసిన అంచులు ఎక్కువ పీలుస్తాయి, అక్కడ మళ్లీ మళ్లీ పట్టించండి. పిల్లలకు అందనివ్వకండి. వానకు ఇది కడుక్కుపోతుంది కాబట్టి ఆరుబయట పనికిరాదు. కంచెకైతే మన రాతి కడీలే మేలు.