లెక్క చూపని ట్రస్టీని ఏం చేయాలి?

ప్రశ్న: మా నాన్న 2015లో వీలునామా రాసి రిజిస్టరు చేయించారు. కోవూరు దగ్గర ఆరెకరాల మాగాణి, నెల్లూరులో ఒక ఇల్లు. మా తమ్ముడికి 25 ఏళ్లు నిండేదాకా చిన్నాయన ట్రస్టీగా ఉండి, తర్వాత ముగ్గురు పిల్లలకూ సమానంగా అప్పగించాలని అందులో ఉందని అమ్మ చెబుతుంది. నాన్న 2017లో పోయారు. తమ్ముడికి నిరుడు 25 నిండాయి. చిన్నాయన కౌలు ఎంతొస్తోందో చెప్పరు, కాగితాలు చూపరు. అడిగితే ‘నా మీద నమ్మకం లేదా’ అని అమ్మ మీద కేకలేస్తారు. కోర్టుకెళితే బంధుత్వం తెగిపోతుందని అమ్మ భయం.
– ఒక పాఠకురాలు, కోవూరు

జవాబు: వీలునామా మీరింకా కళ్లతో చూడలేదు కాబట్టి మొదటి పని అదే. అది రిజిస్టరయిన సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నాన్నగారి మరణ ధ్రువపత్రం జతచేసి నకలుకు అర్జీ పెట్టండి. రాసిన మనిషి బతికున్నంత కాలం ఆ నకలు ఆయనకు తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. పోయాక ఎవరడిగినా ఇస్తారు, చిన్నాయన అనుమతి అక్కర్లేదు. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరయిన లావాదేవీల జాబితా) తీయించి ‘ఇందులో వీలునామా లేదే’ అని కంగారుపడేవాళ్లున్నారు. వీలునామాలు వేరే పుస్తకంలో ఎక్కుతాయి, ఈసీలో కనపడవు. అయినా ఈసీ తీయించండి. ఈలోగా పొలం మీద తాకట్టో అమ్మకమో జరిగి ఉంటే అందులో తేలుతుంది.

నకలు వచ్చాక, ఆస్తిని మీ కోసం చిన్నాయన చేతికి ట్రస్టీగా అప్పగించారా, లేక ‘పిల్లల మంచిచెడ్డలు చూడాలి’ అని పెద్దరికం మాత్రం ఇచ్చారా అన్నది జాగ్రత్తగా చదవండి. కేసంతా దీని మీదే నిలబడుతుంది. ట్రస్టీ అయితే 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ చట్టం ఆయనకు వర్తిస్తుంది. ఆయన దగ్గర్నుంచి ఆస్తిని, లెక్కను రాబట్టుకోవడానికి లిమిటేషన్ చట్టం 10వ సెక్షను ప్రకారం గడువే లేదు. ఊరికే పెద్దమనిషిగా అజమాయిషీ చేసినవారైతే ఆ రక్షణ మీకుండదు, పాత ఏళ్ల లెక్కలకు మూడేళ్ల గడువు అడ్డొస్తుంది. పొలం నాన్న స్వార్జితమా, తాతల నాటిదా అన్నదీ చూసుకోండి. తాతలదైతే ఆయన తన వాటాకు మాత్రమే వీలునామా రాయగలరు.

ఇక చిన్నాయనను ఇప్పుడే వాటా ఇమ్మని అడగొద్దు, ముందు లెక్క అడగండి. వాటా అడిగితే ఇంటి మరమ్మతు, మీ పెళ్లి ఖర్చు, ఎవరికెంత పెట్టానన్న పాత కథలన్నీ పైకొస్తాయి. లెక్క దగ్గర వాదనకు చోటు తక్కువ. సరైన లెక్కలు ఉంచడం, అడిగినప్పుడు చూపడం ట్రస్టీ బాధ్యతని ట్రస్ట్స్ చట్టం 19వ సెక్షను చెబుతోంది. వీలునామా, ఆస్తి కాగితాలు, ఖాతాలు, వోచర్లు చూసి నకళ్లు తీసుకునే హక్కు 57వ సెక్షను మీకిస్తోంది.

లాయరు నోటీసు మీ ముగ్గురి తరఫునా వెళ్లాలి. ప్రతి ఏడూ మొదటి కారు, ఎడగారు (రెండో పంట) విడివిడిగా, పొలం ఎవరికి కౌలుకిచ్చారు, ఎన్ని పుట్లకు, ధాన్యంగా తీసుకున్నారా డబ్బుగానా, ఏ ధరకు అమ్మారు అని అడగండి. పుట్టి అంటే మన నెల్లూరులో 850 కిలోలు. ఈ కొలత అన్నిచోట్లా ఒకటి కాదు కాబట్టి నోటీసులోనూ దావాలోనూ కిలోల్లో కూడా రాయించండి. ఇంటి అద్దె, అద్దెకున్నవాళ్లిచ్చిన అడ్వాన్సు, డబ్బు ఏ బ్యాంకు ఖాతాలో ఉంది, ఇంటి పన్ను, నీటితీరువా రసీదులు కూడా అడగాలి. జవాబుకు 30 రోజులు చాలు. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి, అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులోనే పంపండి. తీసుకోకుండా తిప్పి పంపితే ఆ కవరు చింపకండి, అలాగే కోర్టులో దాఖలు చేయాలి.

ఆయన లెక్కలో ‘నా కష్టానికి ఇంత’ అని రాసుకుంటే ఒప్పుకోనక్కర్లేదు. వీలునామాలో రాసి ఉంటేనో, ముందే ఒప్పందమో కోర్టు అనుమతో ఉంటేనో తప్ప ట్రస్టీకి జీతం లేదు (50వ సెక్షను). నిజంగా పెట్టిన ఖర్చు మాత్రం ఇవ్వాల్సిందే, దాన్లో పేచీ పెట్టకండి. మీకు చేరాల్సిన డబ్బును అకారణంగా ఆపితే ఏడాదికి 6 శాతం సాధారణ వడ్డీ కట్టాలి, కోర్టు వేరేగా చెబితే తప్ప. ఆ సొమ్మును తన రొయ్యల చెరువులోనో వ్యాపారంలోనో పెట్టుకుని ఉంటే, ఆరు నెలలకోసారి కట్టే చక్రవడ్డీ కావాలో, వచ్చిన నికర లాభం కావాలో కోరుకునే హక్కు మీది.

కౌలు రైతును మధ్యలోకి లాగొద్దు. కోర్టు ఉత్తర్వు లేకుండా ‘కౌలు మాకే ఇవ్వు’ అంటే అతను ఇరుక్కుంటాడు. రేపు మీకు అసలైన సాక్షి అతనే.

అమ్మగారి భయానికి ఒక దారి ఉంది. నెల్లూరు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో, కేసు వేయకముందే రాజీకి అర్జీ పెట్టవచ్చు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరునిస్తారు. లోక్ అదాలత్‌లో కుదిరిన అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. అందుకే లెక్కలు చేతికి రాకుండా రాజీకి సంతకం పెట్టకండి. తక్కువకు ఒప్పుకున్నారని తర్వాత తెలిసినా సరిదిద్దుకోవడం చాలా కష్టం.

రాజీ కుదరకపోతే లెక్కల కోసం, ఆస్తి బదిలీ కోసం దావా వేయాలి. ఒట్టి పార్టిషన్ (పంపకాల) దావా వేస్తే ‘హక్కు ట్రస్టీ పేర ఉంది’ అన్న అభ్యంతరం మొదటే వస్తుంది. దావాతోపాటు అమ్మకుండా ఇంజంక్షను (ఆపే ఉత్తర్వు), కౌలు వసూలుకు రిసీవరు (కోర్టు నియమించే మనిషి) కోరండి. తమ్ముడు మీతో ఉండటం ముఖ్యం. మేజర్లయిన లబ్ధిదారులంతా ఒక్కమాట మీద అడిగితే ట్రస్టీ ఆస్తి బదిలీ చేయాల్సిందే (56వ సెక్షను). ఆ దస్తావేజులో ‘ట్రస్టీ నుంచి లబ్ధిదారులకు బదిలీ’ అని స్పష్టంగా రాయించండి. గిఫ్టు అనో అమ్మకమనో రాస్తే స్టాంపు సుంకం లెక్క మారిపోతుంది. తర్వాత వన్-బీలో (రెవెన్యూ భూమి రికార్డులో) పేర్లు మార్పించుకోండి.

ప్రశ్న: మా మేనమామ ట్రస్టీ. మా స్థలం ఒకటి తన బావమరిదికి అమ్మేశాడని ఇప్పుడు తెలిసింది. పోలీసులు ‘సివిల్ వ్యవహారం’ అని పంపేశారు.
– ఒంగోలు పాఠకుడు

జవాబు: ముందు ఆ అమ్మకం దస్తావేజు సర్టిఫైడ్ నకలు తీయండి. మేనమామకు స్థలం ఎలా సంక్రమించిందో అందులో రాసి ఉంటుంది. ట్రస్టు దస్తావేజునో వీలునామానో చూపి ఉంటే, కొన్నవాడు ‘నాకు తెలియదు’ అంటే చెల్లదు. తెలిసి కొన్నవాడి చేతిలోంచి ఆస్తిని వెనక్కి తెచ్చుకోవచ్చు. పైకం ఇచ్చి, తెలియక కొన్నవాడికే రక్షణ. ఇక్కడ మాత్రం గడువుంది. అమ్మకం సంగతి మీకు తెలిసిన నాటి నుంచి 12 ఏళ్లు. అంతవరకు ఆగకండి, అతను ఇంకొకరికి అమ్మితే చిక్కు పెరుగుతుంది.

పోలీసుల దగ్గరికి ఉత్త ఫిర్యాదుతో వెళితే ఆ జవాబే వస్తుంది. నమ్మి అప్పగించినట్టు చూపే దస్తావేజు, డబ్బు తన సొంతానికి వాడుకున్నట్టు చూపే కాగితం, రెండూ జతచేయాలి. నమ్మకద్రోహం 2024 జులై 1 తర్వాత జరిగితే భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షను, అంతకుముందుదైతే పాత ఐపీసీ 406. క్రిమినల్ కేసుతో స్థలం తిరిగి రాదు. సివిల్ దావా ఎలాగూ వేయాలి.

ప్రశ్న: ట్రస్టీ అయిన మా పెదనాన్న కొడుకు అమెరికా వెళ్లిపోయాడు. తన బావకు జీపీఏ (తన తరఫున వ్యవహరించే అధికారపత్రం) ఇస్తానంటున్నాడు.
– అల్లూరు పాఠకురాలు

జవాబు: ట్రస్టీ తన పనిని మామూలుగా ఇంకొకరికి అప్పగించకూడదు. కొన్ని మినహాయింపులున్నాయి, వాటిలో ఒకటి లబ్ధిదారు ఒప్పుకోవడం. అందుకే వాట్సాప్‌లో కూడా ‘సరే అన్నా’ అని రాయకండి. వరసగా ఆరు నెలలు దేశంలో లేకపోయినా, స్థిరపడటానికి విదేశం వెళ్లినా, కొత్త ట్రస్టీని పెట్టుకోవచ్చు (ట్రస్ట్స్ చట్టం 73వ సెక్షను). ఎవరు నియమించాలో ట్రస్టు దస్తావేజులో చూడండి. ఆ దారి లేకపోతే 74వ సెక్షను కింద నెల్లూరు జిల్లా కోర్టులో పిటిషన్ వేయండి. మీరు సూచించే మనిషి ఆస్తి మీద ఆశ లేనివాడై ఉండాలి, అతని అంగీకారపత్రం పిటిషన్‌కు జతచేయాలి.